ఆ నలుగురూ, ఒక తాడూ

ఈ సంచికలో గోల్స్ కొట్టినవాళ్ల గురించి ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. రాయాలి కూడా. నేను మాత్రం గోల్స్ పడకుండా కాపాడినవాళ్ల గురించి రాస్తున్నాను. 1998లో మన బడి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్‌ని నేనే. ఆ ఏడు నా ముందు నిలబడ్డ నలుగురిలో ఇద్దరు తొమ్మిదో తరగతి, ఇద్దరు ఎనిమిది. పేర్లు రాయడం లేదు. డ్రిల్లు మాస్టారు వాళ్లని విశాఖలో వాళ్లుండే పేటల పేర్లతోనే పిలిచేవారు, మాకూ అదే అలవాటైపోయింది. కుడిపక్క కంచరపాలెం, మధ్యలో మల్కాపురం, జాలారిపేట, ఎడమపక్క జ్ఞానాపురం.

ముందు 1997 సంగతి చెప్పాలి. ఆ ఏడు మేము దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ మూడు నాలుగు గోల్స్ ఇచ్చాం. వెనక ఆడినవాళ్లంతా పదో తరగతి అన్నయ్యలు, ఒక్కొక్కరూ గడపకమ్మీల్లా ఉండేవాళ్లు. బలానికి లోటు లేదు. నలుగురూ అవతలి ఫార్వర్డ్‌లని తలా ఒకణ్ణి పట్టుకుని వెంట తిరిగేవాళ్లు, వాళ్లందరి వెనకా స్వీపర్‌గా ఇంకొకడు సరిగ్గా నా ముందు నిలబడేవాడు. వాడు అంత లోపల నిలబడటం వల్ల అవతలి ఫార్వర్డ్‌లు కూడా నా మొహం మీదికే వచ్చి కూర్చునేవాళ్లు. బంతి అందించే క్షణానికి మన ఆఖరి డిఫెండర్‌ని దాటి గోల్ వైపు ఉన్న ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్, అతని ఆట చెల్లదు. స్వీపర్ అంత లోపల ఉండగా ఎవరూ ఆఫ్‌సైడ్ కారు కదా! పెనాల్టీ బాక్సులో పదిమంది గుమిగూడితే బంతి ఎక్కణ్ణించి వస్తోందో నాకు కనబడేది కాదు. చాలా గోల్స్ నేను చూడకుండానే పడిపోయాయి.

1998 మార్చి పరీక్షలతో ఆ అన్నయ్యలంతా వెళ్లిపోయారు. జూన్‌లో బడి తెరిచేసరికి వెనక ఆడేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మా క్లాసులో ఆడగలిగినవాళ్లు ఉన్నారు గానీ పదో తరగతి అనగానే ఇళ్లల్లో ట్యూషన్లు, పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి. మా నాన్న నాకు దసరా దాకా గడువిచ్చారు. అదే గొప్ప.

మాస్టారు మమ్మల్నెవర్నీ అడగలేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని మన వెనక గ్రౌండ్‌లో, వేపచెట్టు వైపు నిలబెట్టి వారం రోజులు చూశారు. ఎవరు గట్టిగా తంతున్నారని చూడలేదు. బంతి అవతల ఉన్నప్పుడు ఎవడు ఎటు చూస్తున్నాడో చూశారు. ఆ సంగతి ఆయనే నాకు తర్వాత చెప్పారు. "బంతి దగ్గరికొచ్చాక అందరూ చూస్తార్రా. దూరంగా ఉన్నప్పుడు పక్కవాణ్ణి చూసేవాడు కావాలి నాకు." అలా ఏరినవాళ్లు ఈ నలుగురు. జ్ఞానాపురం వాడికి కుడికాలు ఆడేదే కాదు, అంతా ఎడమకాలే. జాలారిపేట వాడు నా భుజం దాకా కూడా లేడు. వాణ్ణి వరస మధ్యలో స్టాపర్‌గా పెట్టారంటే నేను నమ్మలేదు.

స్వీపర్‌ని తీసేశారు. నలుగురూ ఒకే వరసలో నిలబడాలి, ఆ వరస నా నుంచి ఎంత వీలైతే అంత దూరంగా ఉండాలి. వరసకీ నాకూ మధ్య పడిన బంతి నాది. అంటే గోల్‌లైను మీద నిలబడటం మానేసి బాక్సు అంచు దాకా రావాలి. 1992లో బ్యాక్‌పాస్ రూలు మారాక మనవాడు కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు కదా, అందుకని నేను రెండు కాళ్లతో తన్నడం కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది. నాకు భయమేసింది, కోపం కూడా వచ్చింది. నా ముందున్న గోడ తీసేసి పిల్లల్ని నిలబెట్టారనిపించింది.

మొదటి నెల వాళ్లకి బంతే ఇవ్వలేదు. ఆదివారం తెల్లవారకముందే ఆర్కే బీచ్ ఇసకలో వెనక్కీ పక్కలకీ పరుగులు. సాయంత్రం గ్రౌండ్‌లో ఎదుటివాణ్ణి ఆపడం. ఆపడమంటే కాలు వెయ్యడం కాదు. "కాలేస్తే ఒక్క క్షణంలో అయిపోతావు. ఒళ్లు పక్కకి తిప్పి నిలబడు. వాణ్ణి గీత వైపుకి తోలు. వాడికి తొందర పుట్టేదాకా ఓపిక పట్టు" అనేవారు. బంతికి దగ్గరున్నవాడు ముందుకెళ్తే పక్కవాడు రెండడుగులు వెనక్కి తగ్గి వాడికి కాపు కాయాలి, మిగతా ఇద్దరూ లోపలికి జరగాలి. ఇది రోజూ, చీకటి పడేదాకా.

నలుగురూ కలిసి జరగడం మాత్రం ఎంతకీ రాలేదు. ఒకడు ముందుకొస్తే ఒకడు వెనక మిగిలిపోయేవాడు. ఆ ఒక్కడు చాలు, అవతలివాళ్లంతా ఆన్‌సైడే. మాస్టారు ఈలతో చెప్పారు, చేత్తో చెప్పారు, బోర్డు మీద సుద్దతో గీసి చెప్పారు. ఒకరోజు జాలారిపేట వాడు మెల్లిగా అన్నాడు: "సార్, పెద్దవల కూడా ఇలాగే కదండీ. ఒకేపు వోళ్లు ముందు లాగేసి రెండో యేపు వోళ్లు ఉండిపోతే వల వంకరైపోద్ది, సేపలన్నీ ఎల్లిపోతాయి."

తెల్లారుజామున మన తీరంలో పెద్దవల లాగడం మీరూ చూసే ఉంటారు. రెండు తాళ్లు, రెండు గుంపులు. ఎవరూ తొందరపడరు, ఎవరూ వెనకబడరు. అవతలి గుంపుని చూస్తూ లాగుతారు, దగ్గరపడేకొద్దీ రెండు గుంపులూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. మాస్టారు వాడి వైపు కాసేపు అలా చూసి, మర్నాడు ఒక తాడు పట్రమ్మన్నారు.

వాడు వాళ్ల నాన్న దగ్గర్నుంచి పాత వలతాడు తెచ్చాడు. చేపల వాసన, ఉప్పు వాసన. పదేసి అడుగులకి ఒక ముడి వేసి, నలుగురి నడుములకీ కట్టారు మాస్టారు. ఒకడు ఆలస్యమైతే తాడు బిగుసుకుని పక్కవాడు తూలిపోయేవాడు. రెండు వారాలు ఆ తాడుతోనే ఆడారు. నడుముల దగ్గర చొక్కాల మీద తాడు మరకలు పడ్డాయి. తాడు విప్పాక కూడా వాళ్లు కట్టుకున్నట్టే కదలడం మొదలుపెట్టిన సాయంత్రం నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు మొదటిసారి నా ముందు గ్రౌండంతా నాకు కనబడింది.

వరస ముందుకి జరగాలని చెప్పే బాధ్యత నాది. మిగతా బళ్లలో "అవుట్, అవుట్" అని అరిచేవారు. మా మాట "లాగు". లాగంటే నిక్కరు కూడా కాబట్టి అవతలి పిల్లలు నవ్వేవాళ్లు, ఆ నవ్వులోనే ఆఫ్‌సైడ్‌లో మిగిలిపోయేవాళ్లు.

కానీ అది తర్వాత. ఆగస్టులో మ్యాచ్‌లు మొదలయ్యాక మొదటి మూడూ ఓడిపోయాం. 4-0, 3-1, 2-0. మ్యాచ్ మ్యాచ్‌కీ తగ్గుతున్నాయని ఇప్పుడు రాస్తుంటే కనబడుతోంది. అప్పుడు ఓటమే కనబడింది. పిల్లల్ని పెట్టి పరువు తీస్తున్నారని స్టాఫ్‌రూమ్‌లోనూ అన్నారు, మా క్లాసువాళ్లూ అన్నారు. నేనూ మాస్టారి దగ్గరికి వెళ్లాను. మా క్లాసులో పొడుగ్గా ఉండే సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి తెమ్మని అడిగాను. నా వాదన నేను సిద్ధం చేసుకునే వెళ్లాను. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి దేశానికి కోచ్ అయిన రహీం సాబ్ అంటే మాస్టారికి దేవుడితో సమానం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఆయన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని తలకి కుట్లుండగా ఫార్వర్డ్‌లో ఆడించారు, అతను గోల్ కొట్టాడు, మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం. ఈ కథ మాకు మాస్టారే వందసార్లు చెప్పారు. "రహీం సాబ్ వెనకవాణ్ణి ముందుకి తెచ్చారు కదా సార్, మీరు ముందువాణ్ణి వెనక్కి తెస్తే ఏం?" అన్నాను.

మాస్టారు కోప్పడలేదు. "జర్నైల్ ముందుకెళ్తే వెనక కాసేవాళ్లున్నారు నాయనా ఆ జట్టులో. మనకి వెనక కాసేవాళ్లు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. నువ్వు చెప్పినవాణ్ణి పెడితే ఈ రెణ్ణెల్లు గడుస్తుంది, మార్చిలో వాడు వెళ్లిపోతాడు, జూన్‌లో మళ్లీ నేను మొదట్నించి మొదలెట్టాలి. ఈ నలుగుర్నీ నేను మార్చను. పది ఓడిపోయినా మార్చను."

నాలుగో మ్యాచ్ రైల్వే గ్రౌండ్‌లో. పది నిమిషాలు ఉందనగా 0-0. అవతలివాళ్లకి మా ఎడమపక్క త్రో-ఇన్ వచ్చింది. వాళ్ల ఫార్వర్డ్ మా వరస దాటి వెనక్కి నడిచాడు. జ్ఞానాపురం వాడు చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అంటూ నిలబడిపోయాడు. త్రో-ఇన్‌కి ఆఫ్‌సైడ్ ఉండదు. గోల్‌కిక్‌కి, కార్నర్‌కి కూడా ఉండదు. వాడికి ఆ సంగతి తెలుసు, ఆ క్షణంలో మరిచిపోయాడు. నేను బయటికొచ్చేలోగా బంతి నా పక్కనుంచి వెళ్లిపోయింది. ఈల పడ్డాక నేను అందరి ముందూ వాణ్ణి అనకూడని మాటలన్నాను. వాడు కిట్ సంచీ అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు. ఆ సాయంత్రానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

మర్నాడు మాస్టారు వాణ్ణి ఇంటికెళ్లి తీసుకొచ్చారు. మమ్మల్నందర్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, "ఫ్రాన్స్, క్రొయేషియా సెమీఫైనల్ ఎవరెవరు చూశార్రా?" అన్నారు. జులైలో ఆ ప్రపంచకప్పు మ్యాచ్ మన టైము ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. మా పక్కింటి టీవీలో నేను చూశాను. "తురామ్ రెండు గోల్స్ కొట్టాడు సార్" అన్నాను. "అంతకు ముందు?" అన్నారు. నాకు గుర్తులేదు.

మాస్టారు నేల మీద పుల్లతో గీశారు. రెండో సగం మొదలవగానే ఫ్రాన్స్ వరస ముందుకొచ్చింది, రైట్ బ్యాక్ తురామ్ ఒక్కడూ వెనక మిగిలిపోయాడు. అతని వల్లే క్రొయేషియా ఫార్వర్డ్ షూకర్ ఆన్‌సైడ్ అయ్యాడు, గోల్ కొట్టాడు. ఇంకో నిమిషం గడిచేసరికి తురామే ముందుకెళ్లి బంతి లాక్కుని స్కోరు సమం చేశాడు. తర్వాత రెండోదీ అతనే కొట్టాడు. ఫ్రాన్స్ కప్పు గెలిచింది, ఏడు మ్యాచ్‌లలో వాళ్లు ఇచ్చినవి రెండే గోల్స్. (తురామ్ దేశానికి మొత్తం 142 మ్యాచ్‌లు ఆడాడు, గోల్స్ మాత్రం ఆ రోజు కొట్టినవి రెండే. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.)

"అతన్ని ఫ్రాన్స్ కోచ్ బయటికి తీశాడా?" అని అడిగారు మాస్టారు. ఎవరం మాట్లాడలేదు. జ్ఞానాపురం వాడు తలెత్తాడు. నేను లేచి వాడి సంచీ వాడికిచ్చి, సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు.

ఐదో మ్యాచ్ 0-0. అవతల ఆడింది, మమ్మల్ని ఆ సీజన్ మొదట్లో 4-0తో కొట్టిన బడే. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ అప్పటికే జిల్లా జట్టుకి ఆడుతున్నవాడు. జాలారిపేట వాడు అతని మీద ఒక్కసారి కూడా కాలు వెయ్యలేదు. పక్కకి తిరిగి నిలబడి, తోలుతూ తోలుతూ గీత దాకా తీసుకెళ్లేవాడు, అక్కడ కంచరపాలెం వాడు కాచుకుని ఉండేవాడు. ఆ మ్యాచ్‌లో నేను ఎన్నిసార్లు "లాగు" అన్నానో లెక్కలేదు, ఇంటికెళ్లేసరికి గొంతు పోయింది. మ్యాచ్ అయ్యాక మల్కాపురం వాడు నా దగ్గరికొచ్చి, "అన్నా, రెండుసార్లు ఆలీసంగా అరిసినావు" అన్నాడు. నిజమే, రెండుసార్లు ఆలస్యమైంది. వరస సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలిసిపోయిందని అప్పుడర్థమైంది.

తర్వాత ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం. దసరా సెలవులు వచ్చాయి, నా గడువు అయిపోయింది. నా గ్లవ్స్ ఎనిమిదో తరగతి పిల్లాడికిచ్చేశాను. మాస్టారు రెణ్ణెల్లుగా వాణ్ణి నా వెనక, గోల్‌పోస్టు పక్కన నిలబెడుతున్నారు. ఎందుకో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

1999లో నేను ఇంటర్ మొదటి ఏడు. ఆగస్టులో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ రైల్వే గ్రౌండ్ దగ్గర మన బడి రంగు చొక్కాలు చూసి సైకిలాపాను. కంచరపాలెం, మల్కాపురం ఇప్పుడు పదో తరగతి. మిగతా ఇద్దరూ తొమ్మిది. జాలారిపేట వాడు పొడుగయ్యాడు. స్కోరెంతని పక్కనున్నాయన్ని అడిగితే ఒకటి సున్నా, మనమే ముందు అన్నాడు. అవతలివాళ్లు కుడిపక్క నుంచి వచ్చారు, మనవాళ్లు తిప్పికొట్టారు, బంతి మధ్య గీత వైపు వెళ్లింది. నా నోట్లోంచి మాట రాబోయింది. ఈలోగా గోల్‌లోంచి ఆ చిన్నవాడు నా పాత గ్లవ్స్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు, "లాగు!"

నలుగురూ ఒక్కసారే కదిలారు.