తిరువైయారులో పక్కన కూర్చున్న మామి

మా ఇంట్లో పుష్య బహుళ పంచమి అంటే రేడియో. ఆ పొద్దున అమ్మమ్మ వంట తొందరగా ముగించుకుని, తల స్నానం చేసి, గూట్లో ఉండే ట్రాన్సిస్టర్ తెచ్చి నట్టింట్లో పీట మీద పెట్టేది. తిరువైయారు నుంచి త్యాగరాజ ఆరాధన ప్రత్యక్ష ప్రసారం. గరగరల మధ్య వందల గొంతులు ఒక్కసారి నాట రాగం ఎత్తుకునేవి, ఆవిడ తొడ మీద తాళం వేస్తూ కళ్లు మూసుకునేది, ఆ గంటసేపు ఎవరొచ్చి పిలిచినా పలికేది కాదు. ఎప్పటికైనా అక్కడికి వెళ్లి ఆ జనంలో కూర్చుని పాడాలే అని ప్రతి ఏడూ అనేది. వెళ్లకుండానే పోయింది. ఈసారి నేను వెళ్లాను.

చెన్నైలో రైలు మారి తంజావూరు, అక్కడి నుంచి బస్సులో 12, 13 కిలోమీటర్లు. కావేరి ఒడ్డునే సమాధి. 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు త్యాగయ్య వెళ్లిపోయారు. అంతకు కొద్దిరోజుల ముందే సన్యాసం తీసుకున్నారు కాబట్టి దహనం చేయకుండా అక్కడే సమాధి చేశారు. దాని చుట్టూ పెద్ద పందిరి వేసి ఐదు రోజుల పాటు ఆరాధనోత్సవాలు జరుపుతారు. పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలే. ఒక్కొక్కరికి దాదాపు 20 నిమిషాలు, అంతే. బయట రెండున్నర గంటలు పాడినా జనం కదలని విద్వాంసులు కూడా ఇక్కడ ఒక కీర్తనో రెండో పాడి, నమస్కారం పెట్టి దిగిపోతారు. డబ్బు తీసుకోరు. ఇప్పుడిప్పుడే పాడుతున్న పిల్లలకీ అదే వేదిక, అదే మైకు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

పంచమి నాడు ఆరింటికే వెళ్లి ఆడవాళ్ల వైపు చోటు పట్టుకున్నాను. ఎదురెదురు వరసలు, మధ్యలో సన్నటి దారి, ఆ దారి చివర త్యాగయ్య. ముందు నాదస్వరం, తరవాత వేణువులన్నీ కలిసి భైరవిలో ‘చేతులార’ వాయించాయి. చలి ఇంకా పూర్తిగా పోలేదు, పక్క నుంచి పూల వాసన, ఎక్కడో కర్పూరం. ఆ తరవాత వందలమంది ఒకే శ్రుతిలోకి వచ్చిన క్షణం ఉంది చూడండి, రేడియోలో అది ఎప్పుడూ సగమే తెలిసిందని అప్పుడు అర్థమైంది, ఎందుకంటే అది చెవితో వినేది కాదు, కింద నేల అదురుతుంది, గొంతులో ఉన్నది నాదో పక్కవాళ్లదో తెలియదు. నాకు మొదటి చరణం దాకా నోరు పెగలలేదు, ఏడుపొచ్చేసింది.

నా పక్కన డెబ్బై దాటిన ఒక మామి కూర్చున్నారు. ఒళ్లో అట్ట ఊడిపోయి దారంతో కుట్టిన నోటుపుస్తకం. అందులో పంచరత్నాలు, అంటే ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగయ్య కీర్తనలు ఐదూ, తమిళ లిపిలో, చేత్తో రాసుకున్నవి. తమిళంలో త, థ, ద, ధలకి అన్నిటికీ ఒకటే అక్షరం కదా, క వర్గం, ప వర్గం కూడా అంతే, అందుకని ప్రతి అక్షరం నెత్తిన చిన్న అంకె వేసుకున్నారు. 3 ఉంటే ‘ద’, 4 ఉంటే ‘ధ’. గౌళ రాగంలో రెండో పంచరత్నం ‘దుడుకు గల’ వచ్చేసరికి వేలు ఆ అంకెల మీద నడిపిస్తూ, ‘దుడుకు’ అనే మాటలో ఒక్క అక్షరం కూడా మెత్తబడకుండా, నేను పలికిన దానికంటే స్పష్టంగా పలికారు. నేను తెలుగుదాన్ని. నాకు అంకెలక్కర్లేదు. అయినా రెండు మూడు చోట్ల మాట మింగేసి స్వరం మీద జారిపోయాను, చిన్నప్పటి నుంచి అలాగే పాడేస్తున్నాను కాబట్టి.

ఆ పాట ఏమిటో ఒక్కసారి మాటలు విడదీసుకుని చూడండి. ఇంత దుడుకు నన్ను ఏ దొర కొడుకు కాపాడతాడయ్యా అని మొదలుపెట్టి, చరణాల నిండా తన తప్పుల చిట్టా చదువుతారు త్యాగయ్య. ‘పరధనముల కొరకు నొరుల మదిని కరగబలికి కడుపు నింప తిరిగినట్టి’ వాణ్ణి అంటారు. వీధి వీధీ తిరిగి ఉంఛవృత్తితో గుప్పెడు బియ్యం తెచ్చుకుని బతికిన మనిషి ఇలా అంటున్నారు. ఇంకోచోట ‘స్వరలయంబు లెరుంగకను శిలాత్ముడై’ అంటారు. స్వరమూ లయా తెలియని బండరాయినట! ఆ మాట ఆయన సమాధి ముందు, స్వరలయల్లోనే జీవితం గడిపిన వందలమంది కలిసి అంటుంటే ఒళ్లు జలదరించింది. అర్థం తెలిసి పాడితే ఆ చోట గొంతు దానంతటదే తగ్గుతుంది.

మన ఊళ్లలోనూ ఆరాధనలు బాగానే జరుగుతాయి, గుళ్లలో, సంగీత కళాశాలల్లో, అమెరికాలో క్లీవ్‌లండ్‌లో అయితే 1978 నుంచీ చేస్తున్నారు. కానీ మన పిల్లలకి స్వరం నేర్పినంత శ్రద్ధగా మాట నేర్పడం లేదు. తెలుగే కదా వచ్చేస్తుందిలే అనుకుంటాం, అది రావడం లేదు. పాఠంలో పావుగంట సాహిత్యానికి పెట్టండి అని సంగీతం చెప్పే వాళ్లందర్నీ బతిమాలుకోవాలని ఉంది.

వరాళి రాగంలో ఉన్న నాలుగో పంచరత్నం దగ్గరికి వచ్చేసరికి పందిరి కాస్త పలచబడింది, నా చుట్టూ అయినా. వరాళిని గురువు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే గురుశిష్యుల మధ్య పొసగదని ఒక నమ్మకం, మా టీచరు కూడా నేర్పలేదు. అందుకే ఆ నాలుగోది, ‘కనకనరుచిరా’, నేను విని పట్టుకున్నదే. మామికి అదీ కంఠతా వచ్చు.

అంతా అయ్యాక నేను ముందు వెళ్లింది నాగరత్నమ్మగారి దగ్గరికి. గాయని బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో పూర్తిపాఠంతో అచ్చు వేయించి, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించినా తగ్గని మనిషిగా మనలో కొందరికి తెలుసు. ఈ సమాధి పాడుపడి ఉందని తెలిసి, 1920లలో తన సొంత సంపాదనతో స్థలం సంపాదించి గుడి కట్టించింది కూడా ఆవిడే. అంత చేసిన మనిషికి అక్కడ పాడే హక్కు లేదన్నారు. దేవదాసి, పైగా ఆడది అని. అప్పట్లో ఆరాధన చేసే మగవాళ్లు రెండు కక్షలుగా ఉండేవాళ్లు, ఇద్దరిలో ఎవరూ ఆడవాళ్లని పాడనివ్వలేదు. దాంతో ఆవిడ త్యాగయ్య సమాధికి వెనకవైపు ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టారు! 1940 ప్రాంతంలో అందరూ ఒకటయ్యాకే ఆడా మగా కలిసి పంచరత్నాలు పాడడం వచ్చింది. అమ్మమ్మ రేడియోలో విన్న ఆడగొంతుల వెనక ఇంత కథ ఉందని అమ్మమ్మకే తెలియదు. 1952లో పోయిన నాగరత్నమ్మగారి సమాధి కూడా అక్కడే, ఆవిడ విగ్రహం త్యాగయ్య వైపు తిరిగి చేతులు జోడించి ఉంటుంది. నా జడలోని పూలు తీసి ఆవిడ పాదాల దగ్గర పెట్టాను. వేరే ఏమీ తీసుకెళ్లలేదు.

తిరిగి వస్తుంటే మామి పందిట్లోనే ఉన్నారు, నోటుపుస్తకం సంచిలో సర్దుకుంటూ. తెలుగుదాన్నని తెలిసి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. తమిళం, ఇంగ్లీషు కలిపి అడిగారు, ఆరభి రాగంలోని మూడో పంచరత్నంలో ‘సాధించెనే’ అంటే గెలిచాడనే కదా అని. పట్టిన పట్టు నెగ్గించుకున్నాడని అవును, కానీ మా ఇళ్లలో ఇంకో వాడకం కూడా ఉంది మామీ అన్నాను. పిల్లాడు అన్నం తినకుండా మారాం చేసి, అడిగింది ఇచ్చేదాకా పీక్కుతింటాడే, అప్పుడు వాళ్లమ్మ విసుక్కుని ‘నన్ను సాధిస్తున్నాడు’ అంటుంది. ఆ పాటలో దేవుడి మీద ఆయన విసుగు అలాంటిదే అనిపిస్తుంది నాకు, ముద్దుతో కలిసిన విసుగు. చెప్పిన మంచిమాటలన్నీ బొంకు చేసి తన పంతమే నెగ్గించుకున్నాడు అంటున్నారు కదా.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లుగా పాడుతున్నానమ్మా, ఎవరూ ఇది చెప్పలేదు అన్నారు. సంచిలోంచి మళ్లీ నోటుపుస్తకం తీసి, పెన్సిల్ నాలిక మీద తడుపుకుని, ఆరభి పేజీ అంచున ‘పిల్లాడు, అన్నం’ అని తమిళంలో రాసుకున్నారు. తరవాత వెనక్కి తిప్పి, ‘దుడుకు’ కింద వేలు పెట్టి, ఇది కూడా చెప్పు అన్నారు.