ఇన్ని జంతువులు ఎందుకు కనిపించాయంటే

సండకాన్ దగ్గర పడ్డాక కిటికీలోంచి కిందికి చూసి, ఎంత పచ్చగా ఉందో అనుకున్నాను. విమానం ఇంకాస్త కిందికి దిగాక ఆ పచ్చదనంలో ఏదో తేడా కనిపించింది. దువ్వెనతో దువ్వినట్టు వరసలు. చెట్టుకీ చెట్టుకీ ఒకటే ఎడం. ఒక్కో చెట్టూ ముగ్గులో చుక్కలా ఉంది, చుక్కల మధ్య బాటలు ఎర్రటి గీతల్లా ఉన్నాయి. కొండ అడ్డొస్తే దానికి మెట్లు కట్టి మరీ చుక్కలు పెట్టారు. నేను బయల్దేరింది బోర్నియో అడవి చూద్దామని. కింద ఉన్నది పామాయిల్ తోట. చక్రాలు నేలకి తగిలేదాకా అడవి కోసం వెతుకుతూనే ఉన్నాను.

బోర్నియో ప్రపంచంలో మూడో పెద్ద దీవి. ఇండోనేషియా, మలేషియా, బ్రూనై దాన్ని పంచుకున్నాయి. మలేషియా వాటాకి వచ్చిన సబా రాష్ట్రంలో సండకాన్ ఒక రేవు పట్నం. 1946 దాకా బ్రిటిష్ ఉత్తర బోర్నియోకి రాజధాని ఇదే. ఊరు బాగుపడింది కలప మీద. 1970ల్లో, 80ల్లో సబా దుంగలు ఓడలెక్కి ఎక్కువగా జపాన్ వెళ్లేవి. సాయంత్రం రేవు గట్టున గంటసేపు తిరిగాను. ఒక్క దుంగ కనిపిస్తే ఒట్టు.

మర్నాడు పొద్దున్నే సుకావ్ అనే పల్లెకి వ్యాన్‌లో బయల్దేరాం. దాదాపు 130 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. దారి పొడుగునా రెండు పక్కలా పామాయిలే. ఎదురుగా వచ్చే లారీల నిండా ముళ్లముళ్లగా, నల్లగా, ఎర్రగా గెలలు. మా డ్రైవరు కుర్రతనంలో ఇదే దారిలో దుంగల లారీ నడిపాడట. "అప్పుడు ఒక లారీకి మూడే దుంగలు పట్టేవి. తర్వాత తర్వాత పది పట్టేవి. చివర్లో లెక్కపెట్టడం మానేశాం" అన్నాడు. లారీ పెద్దదవలేదు, చెట్లు సన్నబడ్డాయి. అది అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

అడవి పోవడమంటే గొడ్డలి పట్టుకుని ఎవరో ఒకవైపు నుంచి నరుక్కుంటూ రావడం అని నా ఊహ. డ్రైవరు చెప్పిన క్రమం వేరు. మొదట పెద్ద చెట్లు మాత్రమే తీస్తారు. అలాంటి చెట్టు పడేటప్పుడు, తీగలతో పెనవేసుకున్న పక్క చెట్లని కూడా లాక్కుని పడుతుంది. దుంగని ఈడ్చడానికి బుల్డోజర్, దాని వెనకాల రోడ్డు. కొన్నేళ్లకి మధ్యరకం చెట్ల కోసం మళ్లీ వస్తారు. మూడోసారి వచ్చేసరికి మిగిలేవి తుప్పలు. ఇక దాన్ని కాగితాల్లో 'క్షీణించిన అడవి' అంటారు. క్షీణించిపోయినదాన్ని ఉంచుకుని ఏం లాభం, తోట వేసుకుంటే నయం కదా అన్న మాట అప్పుడొస్తుంది. రోడ్డు ఎలాగూ ఉంది.

తోట కూడా చిన్నగా ఉండటానికి వీల్లేదు. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరాలి, లేకపోతే పళ్లలో ఆమ్లం పెరిగి నూనె పాడవుతుంది. అంచేత మిల్లు తోటల మధ్యే ఉండాలి. మిల్లంటూ పెట్టాక దానికి రోజూ మేత వెయ్యాలి, అంటే చుట్టూ వేల హెక్టార్లు కావాలి. హెక్టారుకి సుమారు 140 చెట్లు. పాతికేళ్లు కాశాక కొట్టేసి కొత్తవి నాటుతారు. ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మలేషియాలో వ్యాపారం కోసం మొదటి తోట వేసింది 1917లో. ఇవాళ ప్రపంచంలో దొరికే పామాయిల్‌లో నూటికి 85 వంతులు ఇండోనేషియా, మలేషియాలదే.

సుకావ్‌లో వ్యాన్ దిగితే ఎదురుగా కినబటాంగన్ నది. 560 కిలోమీటర్లు పారి సులూ సముద్రంలో కలుస్తుంది. పాలు ఎక్కువైన టీ రంగులో నీళ్లు. సాయంత్రం నాలుగింటికి పడవెక్కాం. ఆ రెండు గంటల్లో కనిపించినవి రాసుకోవడానికి నా నోటుబుక్కులో పేజీ సరిపోలేదు. పొడుగుముక్కు కోతులు గుంపులుగా ఉన్నాయి. బొర్ర, ఎర్రముక్కు చూసి జనం వీటికి 'ఒరాంగ్ బెలాండా' అని పేరు పెట్టారు. అంటే డచ్చి దొర. ఇంకా మొసలి, నాలుగు రకాల హార్న్‌బిల్ పక్షులు, ఓ మలుపులో చెట్టు కొమ్మన ఒరంగుటాన్ తల్లీబిడ్డలు. చీకటి పడుతుండగా ఒడ్డున గడ్డి పీకుతున్న ఏనుగులు, పదకొండు. పడవలో అందరం ఫోన్లు పైకెత్తి ఊపిరి బిగబట్టాం. నాకైతే కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. "అడవి ఇంకా ఎంత నిండుగా ఉంది!" అని గైడుతో అన్నాను.

ఆయన నది మనిషి. 'ఒరాంగ్ సుంగై' అని ఇక్కడి జనానికి పేరే ఉంది. అంటే నది జనం. కాసేపు ఊరుకుని, "మా నాన్న ఇక్కడ వారం తిరిగితే ఒక ఒరంగుటాన్ కనిపించేది. అప్పుడు అడవి ఉండేది" అన్నాడు.

ఆ మాట నాకు రాత్రంతా బుర్రలో తిరిగింది. పొడుగుముక్కు కోతుల సంగతి వేరే. సాయంత్రం ఏటి ఒడ్డు చెట్ల మీదికి చేరడం వాటికి మొదట్నుంచీ అలవాటే. కానీ మిగతావి? నదికి ఇరుపక్కలా మిగిలిన సన్నటి చెట్ల పట్టీలోకి అన్నీ వచ్చి చేరాయి, ఇంకెక్కడా చోటు లేక. ఆఖరి బస్సు వెళ్లిపోయిన బస్టాండులో జనాన్ని చూసి ఊరు కళకళలాడుతోందని నేను మురిసిపోయినట్టయింది.

పట్టీ ఎంత సన్నమో చూస్తానన్నాను. గైడు మొదట వద్దన్నాడు, తర్వాత రబ్బరు బూట్లు ఇచ్చాడు. పొద్దున్నే గట్టెక్కి లోపలికి నడిచాం. పది అడుగులు వేశానో లేదో ఎడమ బూటు బురదలో ఉండిపోయి, మేజోడుతో కాలు ఒక్కటే పైకొచ్చింది. ఆ బూటు పీకడానికి పట్టినంతసేపే పట్టింది అవతలికి చేరడానికి కూడా. పావుగంట! ఎదురుగా వెలుతురు, మురుగుకాలవ, కరెంటు కంచె, కంచె వెనక వరసల్లో పామాయిల్. చెట్ల నీడలోంచి బయటికి అడుగు పెడితే పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. ఇది నా భ్రమేం కాదు. సబాలోనే కొలిచి చూశారు, పామాయిల్ తోటలో మధ్యాహ్నపు వేడి పాత అడవిలో కంటే 6.5 డిగ్రీల దాకా ఎక్కువట. అడవిలో వేర్లు తాగిన నీరు ఆకుల్లోంచి ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది, దాంట్లో కొంత మళ్లీ వానై దిగుతుంది. తోటలో ఆకుల కప్పు అంత దట్టంగా ఉండదు.

నది ఒడ్డున 20 మీటర్ల మేర చెట్లు వదలాలని సబాలో 1998 నుంచి చట్టం ఉంది. ఈ దిగువ భాగాన్ని 2005లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 26 వేల హెక్టార్లు. అయితే అది ఒకే ముక్క కాదు, పది ముక్కలు. ముక్కకీ ముక్కకీ మధ్య తోటలు, పల్లెలు, రోడ్డు. ఏనుగు ఈదుకుంటూనో కంచె తోసుకుంటూనో వెళ్లిపోతుంది. ఒరంగుటాన్‌కి ఈత రాదు. ఒకప్పుడు ఏటి పాయల మీద రెండు ఒడ్డుల చెట్ల కొమ్మలు కలుసుకునేవి, వాటిని పట్టుకునే దాటేది. పెద్ద చెట్లు పోయాయి కాబట్టి ఇప్పుడు ఫైరింజన్ల పాత గొట్టాలతో తాళ్ల వంతెనలు కట్టారు. ఒక పాయ మీద వేలాడుతున్న గొట్టాన్ని గైడు చూపించాడు. హార్న్‌బిల్‌కి గుడ్లు పెట్టడానికి ముసలి చెట్టు తొర్ర కావాలి. తొర్ర పడేంత ముసలి చెట్లు మిగల్లేదని చెక్కపెట్టెలు చేసి కొమ్మలకి కట్టారు. మెచ్చుకోవాలనే ఉంది. పెట్టెని చూస్తూ ఉంటే మాత్రం మెచ్చుకోలు గొంతులోనే ఆగిపోయింది.

తిరిగొస్తూ నాకు నిజంగా కోపం తెప్పించిన దృశ్యం ఒకటి చూశాను. ఒడ్డుకి కాస్త లోపల, నీళ్లు నిలిచిన చోట, వందల పామాయిల్ చెట్లు మొవ్వు ఎండి మోడులై నిలబడి ఉన్నాయి. వరద తగిలే పల్లపు నేలలో పామాయిల్ బతకదు. అక్కడి అడవికి ఏడాదికోసారి మునగడం మామూలే, దానికి అది తట్టుకుంటుంది. దాన్ని కొట్టి దీన్ని నాటారు, ఇదీ చచ్చింది. కడుపు నింపడానికి నరికారంటే వాదించొచ్చు. ఇక్కడ గెల రాలేదు, అడవీ లేదు.

నీళ్ల సంగతికొస్తా. మొదటి రోజు సాయంత్రం తాగేసిన ప్లాస్టిక్ సీసాలో నది నీళ్లు ముంచి, మూత పెట్టి, గది కిటికీలో ఉంచాను. పొద్దున్నకి అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుంది, పైన నీళ్లు ఇంకా మసగ్గానే ఉన్నాయి. ఆ రాత్రి ఎగువన వాన పడింది. పొద్దున పట్టీలో నడిచినప్పుడు అడవిలోంచి వచ్చే చిన్న వాగుని చూశాను. ఆకులు నానిన రంగే గానీ అడుగున పుల్లలు కనిపిస్తున్నాయి. తోట మురుగుకాలవలో నీళ్లు ఇటుకపొడి కలిపినట్టున్నాయి. ఒకే వాన, మధ్య వంద గజాలు. ఆకుల కప్పు, కింద రాలిన చెత్త, వేర్లు చినుకు దెబ్బని ఆపుతాయి. అవి లేకపోతే మట్టి నేరుగా ఏట్లోకి పోతుంది, ఏరు మేట వేసి వరద ఒడ్డెక్కుతుంది. స్కూల్లో చదువుకున్నదే. సీసాలో చూడ్డం వేరు.

మలేరియా మాత్రలు వేసుకుంటూ ఉంటే గైడు ఒక సంగతి చెప్పాడు. ఇక్కడ ఎక్కువగా వచ్చేది మనిషి నుంచి మనిషికి దోమ మోసే మామూలు మలేరియా కాదు, 'నోలెసై' అనే కోతుల మలేరియా. అడవి కొట్టిన అంచుల్లో కోతులూ దోమలూ మనుషులూ ఒకేచోట చేరడం వల్ల అది మనుషులకి అంటుతోంది. రెండో రాత్రి మాటలు పొగ మీదికి మళ్లాయి. 1997లో, మళ్లీ 2015లో ఇండోనేషియాలో కార్చిచ్చు రేగి పక్క దేశాల మీద కూడా నెలల తరబడి పొగ కమ్మింది. తగలబడ్డది చెట్లే కాదు, నేల. పీట్ అంటారు, వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని ఆకులు, కొమ్మలు నీళ్లలో నానుతూ మీటర్ల లోతున పేరుకున్న నల్ల బురద. తోట కోసం కాలవలు తవ్వి ఆ నీళ్లు తీసేస్తే అది ఎండుతుంది, అంటుకుంటే లోలోపలే వారాల తరబడి రగులుతుంది. అన్నేళ్లు దాచుకున్న కర్బనమంతా గాల్లో కలుస్తుంది.

మా గుంపులో ఒకాయన, ఇక జన్మలో పామాయిల్ ముట్టనన్నాడు. గైడు నవ్వి, "మరి నూనె ఎక్కణ్ణుంచి తెస్తారు?" అన్నాడు. హెక్టారు పామాయిల్ మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తే సోయా అర టన్ను ఇస్తుంది. అందరూ సోయాకి మళ్లితే ఇంకా ఎక్కువ నేల కావాలి, దక్షిణ అమెరికాలో ఆ నేల కూడా అడవిలోంచే వస్తోంది. 1990 నుంచి 2020 దాకా ప్రపంచంలో 42 కోట్ల హెక్టార్ల అడవి వేరే పనులకి పోయిందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. పోతున్నదాంట్లో నూటికి తొంభై వంతులకి కారణం సాగు, పశువుల మేతే. నాకైతే చెట్టు మీద కోపం లేదు. దాన్ని ఎక్కడ నాటారన్నదాని మీదే కోపం. ఆ మోడులు కళ్ల ముందునుంచి పోవడం లేదు.

వెళ్లేముందు రోజు సాయంత్రం ఆఖరి పడవ షికారు. మలుపు దగ్గర గైడు ఇంజిన్ ఆపేశాడు. పైన ఒరంగుటాన్ గూడు కట్టుకుంటోంది. ప్రతి రాత్రికీ కొత్త గూడే. కొమ్మని లోపలికి వంచడం, విరిగీ విరగనట్టు పెట్టడం, పైన ఆకులు పరిచి అరచేత్తో నొక్కి చూసుకోవడం. మనం దిండు సర్దుకున్నట్టే. ఐదారు నిమిషాల్లో అయిపోయింది. ఆడది ఏడెనిమిదేళ్లకి ఒకసారి గానీ బిడ్డని కనదట. మలేషియాలో మిగిలిన ఆఖరి సుమత్రా ఖడ్గమృగం ఈ సబాలోనే 2019 నవంబర్‌లో చనిపోయింది. ఆ సంగతి గైడు మామూలుగా, ఊళ్లో పెద్దాయన పోయారని చెప్పినట్టు చెప్పాడు. ఇంజిన్ ఆపడంతో చెట్ల వెనక ఎక్కడో గెలల లారీ గేరు మార్చిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. గూట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఇంకో కొమ్మని లోపలికి లాక్కుంది.

సీసా నా బ్యాగులోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం చెకింగ్ దగ్గర పట్టుకున్నారు. యూనిఫాం అమ్మాయి దాన్ని వెలుతురుకి పట్టి చూసి, అదేంటని అడిగింది. నది అన్నాను. ఒకసారి ఊపింది. అడుగున తేరుకున్న మట్టంతా లేచి సీసా మళ్లీ టీ రంగుకి తిరిగింది. లోపలికి తీసుకెళ్లకూడదని చెప్పి, నిండుగా ఉన్న డబ్బాలో సీసాల మీద సీసాగా పడేసింది.