మాత్రల మీద మా వాళ్లకున్న అనుమానం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నా, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అంటే తెలంగాణే కనుక, సిరొంచ ప్రాంతపు తెలుగు కుటుంబాలకు తాగుడు బాధ తప్పలేదు. ఊళ్లో కాచే ఇప్పసారా సంగతి సరేసరి. ఈ కుటుంబాల మధ్య పనిచేసే సామాజిక కార్యకర్తల్లో చాలామందికి మందులతో చేసే చికిత్స మీద గురి లేదు. ఒక అలవాటు మాన్పించడానికి ఇంకో అలవాటు చేయడమెందుకన్నది మాలో తరచూ వినిపించే మాట.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను పొడి చేసి, భర్తకు తెలియకుండా పప్పులో కలిపే ఇల్లాళ్లు ఉన్నారు. అది ఒంట్లో ఉండగా తాగితే, మద్యం నుంచి ఒంట్లో పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి, ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రమాదం ఉంటుంది. రోగికి చెప్పకుండా ఎన్నడూ ఇవ్వకూడని మాత్ర అది. అయితే దాని పాపాన్ని, తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్‌లకు అంటగట్టడం న్యాయం కాదు. వీటికి మనిషి బానిస కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది "అయ్యప్ప మాల వేసుకో, అదే పోతుంది" అనే సలహా. దీక్ష పట్టి 41 రోజులు చుక్క ముట్టనివారు ఉన్నారు, కాదనను. కానీ పొద్దున్నే ఒక గుక్క పడితే తప్ప చేతి వణుకు ఆగని మనిషి ఉన్నట్టుండి మానేస్తే, మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛ రావచ్చు, ఆ వెంటనే మతి తప్పవచ్చు. దుప్పటి మీద లేని చీమలను ఏరుతూ, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తే మనిషిని చూసి, ఇంట్లోవాళ్లు గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలుస్తారు. అప్పుడు కావలసింది ఆసుపత్రిలో డాక్టరు కళ్లెదుట ఇచ్చే, మూర్ఛ రాకుండా ఆపే క్లోర్‌డయజెపాక్సైడ్, థయమిన్ (బి1 విటమిన్); మనోబలం మాట ఆ తరవాత.

డాక్టరు దగ్గర రోగి గడిపేది కొద్ది నిమిషాలే. ఆపైన మాత్ర మింగాలా వద్దా అన్నది మా ముఖాలు చూసే తేల్చుకుంటాడు. జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట ఈ బాధ్యత ఇంకా పెద్దది. అందుకే ఇళ్లకు వెళ్లినప్పుడు కాలేయ పరీక్ష చేయించారా అని, నడుం నొప్పికి ట్రమడాల్ వంటి నల్లమందు తరహా మాత్రలు వాడుతున్నారా అని అడుగుతాను. ట్రమడాల్‌కు అలవాటుపడిన ఒంట్లోకి నాల్ట్రెక్సోన్ వెళ్తే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ మాత్రల సంగతి రోగి డాక్టరుకు తనంతట తాను చెప్పడం అరుదు.