చున్-లీ పదిహేను తన్నులు, 7వ వారం: ఆ గ్యాప్ నన్ను బతకనివ్వట్లేదు

శనివారం, రాత్రి 1:40

మళ్ళీ అక్కడే పోయా. అదే చోటు, అదే తన్ను. స్ట్రీట్ ఫైటర్ 3 అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో నేను కెన్, అవతల చున్-లీ. కెన్‌కి గీతంత లైఫ్ పెట్టుకుని కూర్చుంటా, చున్-లీ సూపర్ (వరసగా పదిహేను తన్నుల పెద్ద దెబ్బ) వేస్తుంది, మొదటి వరస తన్నులన్నీ టపటపటప పారీ (తన్ను తగిలే క్షణానికి స్టిక్ ముందుకి, అంటే ఫార్వర్డ్, కొట్టి లైఫ్ పోకుండా ఆపడం) అయిపోతాయి, నీలంగా మెరుస్తూ ఉంటాడు, ఇక అయిపోయింది ఈసారి కొట్టేశాం అనుకునే లోపల ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన తర్వాత వచ్చే మొదటి తన్ను ఉంది చూడండి, అది సూటిగా నా మొహానికి. ఇవాళ 62 సార్లు ట్రై చేశా, 51 సార్లు అక్కడే చచ్చా. ఏడు వారాల్నుంచి ఇదే కథ.

మొన్న మెసేజ్ పెట్టినాయన అడిగాడు అసలు ఇదెందుకు అని, ఆయన కోసం రెండు ముక్కలు. 2004 ఈవో, అంటే ఫైటింగ్ గేముల పెద్ద టోర్నమెంట్, కాలిఫోర్నియా పొమోనాలోని కాల్ పాలీ యూనివర్సిటీలో జరిగింది, స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ లూజర్స్ ఫైనల్, డైగో ఉమెహారా కెన్, జస్టిన్ వాంగ్ చున్-లీ. డైగో బ్లాక్ చేసినా చిప్ డ్యామేజ్‌కే (అడ్డుకున్నా కొంచెం కొంచెం తగ్గే లైఫ్) పోతాడు, అంత తక్కువ లైఫ్. జస్టిన్ హోయోకు-సెన్, అంటే ఆ పదిహేను తన్నుల సూపర్, వేశాడు, అందులో తప్పేం లేదు, ఆ స్థితిలో ఎవరైనా అదే వేస్తారు. డైగో 15 తన్నులూ పారీ చేసి, చివరిది గాల్లోకి ఎగిరి పారీ చేసి, కిందకి దిగుతూ 12 హిట్ల కాంబోని కెన్ సూపర్ షిప్పు జిన్‌రాయ్-క్యాకు దాకా లాగి గెలిచేశాడు. వెనకాల జనం అరుపులు వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దాన్నే ఈవో మూమెంట్ 37 అంటారు, ఆ 37కి లెక్కేం లేదు, వీడియో చేసినాయన ఊరికే ఒక నంబర్ వేశాడు. ఇంకో విషయం, చాలామంది డైగో ఆ టోర్నమెంటే గెలిచాడనుకుంటారు. గెలవలేదు. తర్వాత గ్రాండ్ ఫైనల్‌లో కేఓ అనే ఆటగాడి యున్ చేతిలో ఓడిపోయాడు. ఎందుకో ఆ సంగతి తెలిశాక నాకు ఆ క్లిప్ ఇంకా ఎక్కువ నచ్చింది.

సరే నా గోలకి వద్దాం.

మొదటి తన్ను పారీ ఇప్పుడు 10కి 8 పడుతోంది, దాని గురించి ఇక రాయను. (సూపర్ మొదలవగానే స్క్రీన్ మీద వచ్చే ఫ్లాష్ చూసి నొక్కుదామనుకుంటే అవ్వట్లేదు, ఫ్లాష్‌కి ముందే వెయ్యాలి అనే మైండ్‌తో కూర్చుంటేనే పడుతోంది. డైగో కూడా ముందే ఊహించాడని అందరూ అనేది ఇందుకే.)

పడుకోవాలి. స్టిక్ లివర్ టకటకలకి మా ఆవిడ రెండుసార్లు లేచింది.

మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చి ఇవాళ అసలు ఆడలేదు, కొలతలు తీశా. ఊరికే తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదనిపించింది.

ముందు స్క్రీన్ సంగతి. ఫోన్ స్లో మోషన్‌లో, అంటే సెకనుకి 240 ఫ్రేములు, స్టిక్కూ స్క్రీనూ రెండూ ఒకే షాట్‌లో పడేలా స్టాండ్‌కి పెట్టి తీశా. బటన్ కిందకి దిగిన క్షణం నుంచి కెన్ చెయ్యి కదిలే క్షణం దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టా, ఒక్కోదానికీ పదేసి సార్లు. హాల్లో టీవీ, గేమ్ మోడ్ ఆన్ చేసి కూడా, సగటున 29. నా టేబుల్ మీద మానిటర్ 17. తేడా 12, అంటే 50 మిల్లీసెకన్లు, అంటే గేమ్ లెక్కలో (సెకనుకి 60 ఫ్రేములు) పూర్తిగా 3 ఫ్రేములు. నేల మీద పారీ విండోనే, అంటే నొక్కితే పారీ పడే వ్యవధే, 10 ఫ్రేములు, అందులో 3 టీవీకే కట్నం ఇచ్చేస్తున్నా! మొదటి నాలుగు వారాలు సోఫాలో కూర్చుని ఆ టీవీ మీదే ప్రాక్టీస్ చేశా, పెద్ద స్క్రీన్ బాగుంటుందని. చేతికి తప్పుడు టైమింగ్ నేర్పించుకున్నా. డబ్బా టీవీ దొరికితే బాగుండు, అసలు ఈ గేమ్ పుట్టింది వాటి కోసమే, కానీ అమ్మావాళ్ళింట్లో ఉన్నదాన్ని రెండేళ్ళ క్రితం పాత సామాన్లవాడికి 300కి ఇచ్చేశారు. తలుచుకుంటే ఏడుపొస్తుంది.

తర్వాత అసలు ఫెయిల్యూర్. ఫైట్‌కేడ్ (పాత గేములు కంప్యూటర్లో ఆడుకునే ప్రోగ్రామ్) మీద ట్రైనింగ్ స్క్రిప్ట్‌తో చున్-లీ సూపర్ రికార్డ్ చేసి డమ్మీకి ఇచ్చా, ఇన్‌పుట్ హిస్టరీ (నేను ఎప్పుడేం నొక్కానో చూపించేది) ఆన్ చేసి 40 ఫెయిల్యూర్లు వీడియో తీసి ఒక్కోటీ ఆపి ఆపి చూశా. గ్యాప్ తర్వాత తన్ను దగ్గర మాత్రమే:

ముందే నొక్కినవి 27. లేటుగా నొక్కినవి 5. మిగతా 8 విచిత్రం, హిస్టరీలో ఫార్వర్డ్ కొత్తగా పడనేలేదు, పాత ఫార్వర్డే నొక్కినట్టు ఉండిపోయింది. అంటే నా చెయ్యి రెండుసార్లు కొట్టాననుకుంటోంది, లివర్ మధ్యకి పూర్తిగా రాకుండానే మళ్ళీ ముందుకి పోతోంది. పారీకి కొత్త ట్యాప్ కావాలి, పట్టుకుని ఉంటే గేమ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఈ 8కి మందు సులువే. నా స్టిక్‌లో లివర్ సాన్వా జేఎల్ఎఫ్, ఫ్యాక్టరీ స్ప్రింగ్, చతురస్రం గేట్ (లివర్ ఎంత దూరం కదలాలో ఆపే చట్రం). సాన్వా మంచిదే, కానీ నా చేతికి మరీ మెత్తన, వెన్నలో చెంచా తిప్పినట్టుంటుంది, వదిలితే నీరసంగా వెనక్కొస్తుంది. 2 పౌండ్ల స్ప్రింగ్ వేశా, వేసిన గంటలోనే ఆ రకం తప్పు దాదాపు పోయింది. ఇంకాస్త గట్టి లివర్ సెయిమిత్సు ఎల్ఎస్-32 వాడేవాళ్ళు నవ్వుతారని తెలుసు, నవ్వండి. ఎనిమిది మూలల గేట్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళకి మాత్రం దండం, ట్యాప్ వేసేది ఒక్క వైపే కదా, గేట్ దాకా వెళ్ళే పనే లేదు దీంట్లో.

ఇంకో పరీక్ష కూడా చేశా, సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆఫీసు నుంచి తెచ్చిన మామూలు కీబోర్డ్ బాణం కీ తో 20 సార్లు ట్రై చేస్తే గ్యాప్ దాటింది 6 సార్లు. స్టిక్‌తో అంతకుముందు 20కి 3. ఇన్ని వేలు పోసి కొన్న స్టిక్ కంటే ఆ కీబోర్డే నయమట. అయినా కీబోర్డ్‌తో చెయ్యను. డైగో స్టిక్‌తో చేశాడు, నేనూ స్టిక్‌తోనే చేస్తా. మొండితనమే, అవును.

ఇక ఆ 27. ముందే నొక్కడం. ఇక్కడ నా ఊహలు:

ఒకటి, భయం. వరస ఆగగానే "అయ్యో మిస్సవుతానేమో" అని చెయ్యి తనంతట తానే కొట్టేస్తోంది. వీడియోలో చూస్తే నా భుజం కూడా ఎగురుతోంది, నాకే నవ్వొచ్చింది.

రెండు, నేర్చుకున్న పద్ధతే తప్పు. మొదట్లో నేను ఏం చేశానంటే ఆ సూపర్‌ని బ్లాక్ చేస్తూ చప్పుడు విని రిథమ్ బట్టీ పట్టా. కానీ పారీ పడ్డప్పుడు ఇద్దరూ ఒక్క క్షణం బిగుసుకుపోతారు కదా, బ్లాక్‌లో ఆగే లెక్క వేరు, పారీలో ఆగే లెక్క వేరు, అంటే నేను బట్టీ పట్టింది వేరే పాట. ఇదే పెద్ద కారణమని నా గట్టి అనుమానం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళెవరైనా ఉంటే దయచేసి బ్లాక్ చేస్తూ నేర్చుకోకండి.

మూడు, టపటపా బాదడం. ముందు నొక్కేశానని తెలియగానే కంగారుగా ఇంకోటి కొడుతున్నా, అది ఇంకా నాశనం. ఊరికే బాదేవాళ్ళకి ఈ గేమ్ విండో తగ్గించేస్తుంది, వచ్చిన ప్రతివాడూ ముందుకి బాది పారీలు కొట్టెయ్యకుండా. నిజంగా బాగా ఆలోచించి పెట్టారు. 1999లో చేసిన గేమ్ ఇది, ఇప్పటి ఫైటింగ్ గేముల్లో ఇంత కఠినంగా, ఇంత న్యాయంగా ఉండే డిఫెన్స్ నాకైతే కనపడలేదు.

శుక్రవారం

చెల్లి వచ్చింది పండక్కి. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది, ఇప్పుడు మానేసింది. నేను ఆడుతుంటే వెనకాల మంచం మీద కూర్చుని జంతికలు తింటూ చూస్తోంది. ఓ పావుగంట చూసి "అన్నయ్యా, ఆవిడ ఆగినప్పుడు నువ్వు లెక్క కూడా ఆపేస్తున్నావ్" అంది.

అదేంటే అన్నా.

"కాలు ఆగినా తాళం ఆగకూడదు. మాకు క్లాసులో దీనికే దెబ్బలు పడేవి. నువ్వు తక తక తక అని వెళ్ళి, మెదలకుండా కూర్చుని, మళ్ళీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నావ్. చూస్తే రాదు. ఆ ఖాళీని కూడా నోటితో అను."

నేను వెంటనే ఒప్పుకోలేదు లెండి, ఫ్రేములు, విండో, హిట్ ఫ్రీజ్ అని ఓ పది నిమిషాలు లెక్చర్ ఇచ్చా. అది విని "సరే, అయితే ఎందుకు పడట్లేదు మరి" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇద్దరం కూర్చుని వీడియో నెమ్మది చేసి, పారీ పడ్డ టేకుల్ని మాత్రమే తీసుకుని, అది తొడ మీద తాళం వేస్తూ, నేను నోటితో తన్నుకో "త" అంటూ, గ్యాప్ దగ్గర "ఊఁ" అని గట్టిగా అనేలా కట్టాం. మాటల్లో చెప్తే పిచ్చిగా ఉంటుంది. తతతత... ఊఁ... తతతత. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి ఏం అనకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి 30 ట్రైలు. గ్యాప్ దాటినవి 13.

పదమూడు! ఏడు వారాల్లో ఒక్క సిట్టింగ్‌లో ఇదే ఎక్కువ.

ఆదివారం

ఇవాళ ఉదయం 14 పారీలు పడ్డాయి. అంటే చివరి పై-తన్ను తప్ప అన్నీ. చెయ్యి వణికింది. ఆ వణుకులో ఎగరడం మర్చిపోయి నేల మీదే నిలబడి తన్ను తిన్నా.

గ్యాప్ సంగతి ఇంకా పూర్తిగా తీరలేదు, ఒప్పుకోవాలి. ఇప్పుడు సగటున సగం సార్లు దాటుతున్నా, దాటనప్పుడు మాత్రం ఇప్పటికీ ముందే నొక్కుతున్నా, కానీ 3, 4 ఫ్రేములకి బదులు ఒకటి రెండు ఫ్రేములే తేడా. సాయంత్రం అలసిపోయాక మళ్ళీ పాత రోగం తిరగబెడుతుంది, 25 ట్రైలు దాటితే ఆపెయ్యడమే మంచిదని రాసి పెట్టుకున్నా. ఇంకో సంగతి, "ఊఁ" మనసులో అనుకుంటే పని చెయ్యట్లేదు, పైకి అంటేనే చేస్తోంది. ఎందుకో తెలీదు.

ఇంకో పిచ్చి పని కూడా చేశా. ఆ 2004 వీడియో ఆడియో, జనం అరుపులతో సహా, "లెట్స్ గో జస్టిన్" అని ఎవడో అరిచేది కూడా, స్పీకర్లో గట్టిగా పెట్టి ప్రాక్టీస్ చేశా. 20కి ఒక్కటి కూడా గ్యాప్ దాటలేదు. అప్పుడు అర్థమైంది, నేను ఇన్నాళ్ళూ కంటితో కాదు, పారీ పడ్డప్పుడు వచ్చే ఆ చప్పుడు పట్టుకుని వెళ్తున్నా, అది వినపడకపోతే గుడ్డివాణ్ణే. డైగో ఆ గోలలో, అంత మంది ముందు, అంత లైఫ్‌తో, నా గదిలో ఫ్యాన్ చప్పుడుకే నేను చచ్చిపోతుంటే... అసలు ఆ స్టిక్ చప్పుడైనా ఆయనకి వినపడి ఉంటుందా?

చిన్నప్పుడు రాజమండ్రిలో వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళలు పెట్టి స్ట్రీట్ ఫైటర్ ఆడేవాళ్ళం, "ఆడుకెన్" అని అరుస్తూ. అప్పట్లో మాకు బ్లాక్ చెయ్యడమంటేనే పిరికితనం. అలాంటి చోట పెరిగినవాణ్ణి ఎవడో తన్నుతుంటే ముందుకి నొక్కడం నేర్చుకోవాలంటే టైమ్ పడుతుంది మరి.

ఇక గాల్లో పారీ. నిజానికి చివరి తన్నుని నేల మీద పారీ చేసినా పనిష్ చెయ్యొచ్చు, డైగో ఎగిరింది పైనుంచి దిగుతూ కొడితే డ్యామేజ్ ఎక్కువ వస్తుందని, జస్టిన్ లైఫ్ ఆ ఒక్క ఛాన్స్‌లో అయిపోవాలి కాబట్టి. సులువు దారి ఉందని తెలిసీ కష్టమైనది ఎంచుకోవడం కాదు అది, సులువు దారిలో వెళ్తే గెలవడు. నాకు అలాంటి అవసరం ఏమీ లేదు, అయినా ఎగరాలి. ఎగరకపోతే అది ఆ పారీ కాదు.

ప్లాన్ ఇది: ఈ వారం మొదటి పద్నాలుగూ వదిలేసి, ట్రైనింగ్‌లో రెండో వరస చివర్నుంచి స్టేట్ సేవ్ చేసుకుని (ఆట ఆ క్షణం నుంచే మళ్ళీ మళ్ళీ మొదలయ్యేలా), ఒక్క ఎగరడం, ఫార్వర్డ్ ట్యాప్ మాత్రమే రోజుకి 50. గాల్లో విండో నేల మీద కంటే తక్కువ కాబట్టి మానిటర్‌ని ఇంకా ఫాస్ట్ దానికి మార్చాలా అని చూస్తున్నా, మా ఆవిడతో ఇంకా మాట్లాడలేదు. ఈ గేమ్‌కి 2011లో వచ్చిన ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఈ సీన్‌ని ఒక ట్రయల్‌గానే (ఆడి దాటాల్సిన పరీక్షలా) పెట్టారు కదా, పాత ప్లేస్టేషన్ 3 ఉన్న ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడింట్లో ఆ ట్రయల్ మీద కూడా కూర్చోవాలి, స్టిక్ వాడి దాంట్లో పని చేస్తుందో లేదో చూసుకుని.

చెల్లి బుధవారం వెళ్ళిపోతుంది. ఆ లోపల చివరి తన్నుకి ఎగిరే ముందు వచ్చే ఖాళీకి కూడా తాళం కట్టించుకోవాలి. జంతికలు ఇంకో కేజీ తెమ్మంది దానికి.