గాల్ వాళ్లకూ అధికమాసం ఉండేది

మా దుకాణం చట్టాబజార్‌లో. పెండ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, డిసెంబర్ వస్తే గోడ క్యాలెండర్లు వేస్తాం. ఈమధ్య కొత్త గిరాకీ ఒకటి తగిలింది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్ల వాళ్లు హాలోవీన్ పార్టీకని గుమ్మడికాయ బొమ్మ కార్డులు అడుగుతున్నారు. అచ్చువేసేది ఏందో కొంచెమన్నా తెలిసుండాలని నాకో పట్టింపు. ఆ గుమ్మడికాయ వెంట పోతే ఐర్లాండ్‌లో తేలాను. అక్కడి కెల్టు జనం చలికాలం మొదట్లో చేసుకునే సౌయిన్ పండుగ ఇది. వాళ్లు మొదట మొహాలు చెక్కింది టర్నిప్ దుంపల మీద. అమెరికా పోయినంక గుమ్మడికాయ దొరికింది. అది సరే, పండుగ నవంబర్ 1న అయితే సంబరమంతా అక్టోబర్ 31 రాత్రి ఎందుకు?

దీనికి జవాబు జూలియస్ సీజర్ రాసిపెట్టాడు. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో ఉన్న కెల్టులను రోమన్లు గాల్ జనం అనేవాళ్లు. వాళ్లు కాలాన్ని రాత్రులతో లెక్కపెడతారట. పుట్టినరోజైనా, నెల మొదలైనా, రాత్రి ముందు, పగలు దాని వెనక. పక్క దుకాణంలో ఉర్దూ కార్డులు చేత్తో రాసే కాతిబ్ సాబ్‌కు చెబితే ఆయన కలం కూడా ఆపలేదు. "ఇందులో వింతేముంది భాయ్, జుమేరాత్ పొద్దుగూకితే జుమ్మా వచ్చినట్టే కదా" అన్నాడు. నిజమే, గురువారం పొద్దుగూకగానే వాళ్లకు శుక్రవారం మొదలు. చాంద్ రాత్ నాడు చార్మినార్ దగ్గర తొక్కిసలాట చూసినవాళ్లకు కొత్త నెల సాయంత్రమే మొదలవుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. మనకేమో సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు అదే. ఈ ఒక్క విషయంలో గాల్ జనం కాతిబ్ సాబ్ పక్షం.

మిగతా లెక్కలో మాత్రం మన పక్షం. 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీ అనే ఊరి దగ్గర పొలంలో ఒక కంచు పలక ముక్కలు ముక్కలుగా బయటపడింది. దాదాపు సగమే దొరికింది. ముక్కలన్నీ పేర్చి చూస్తే మీటరున్నర వెడల్పు, మీటరుకు కొంచెం తక్కువ ఎత్తు. ఇప్పుడు లియాన్ నగరం మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దం చివరిదంటారు. అక్షరాలు రోమన్‌వి, భాష గాల్ వాళ్లది. చదవగానే అది పంచాంగమని తేలింది.

దాని ఫొటో చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పదహారు నిలువు వరుసలు, ఐదేళ్ల లెక్క, ప్రతి రోజు పక్కన ఒక చిన్న రంధ్రం. రోజుకొకటి చొప్పున మేకు జరుపుకుంటూ పోవడానికి. జాగా చాలక అన్నీ పొడి అక్షరాలే. మన పంచాంగంలో శు., బ., వ., దు. అని కుక్కినట్టే. నెలను రెండుగా విడగొట్టారు. పదిహేను దాటగానే అంకెలు మళ్లీ ఒకటి నుంచి. 30 రోజుల నెలకు 'మాట్' అని, 29 రోజుల నెలకు 'అన్మ్' అని గుర్తు. మంచిది, మంచిది కానిది. ఎక్వోస్ అనే నెల దగ్గర నా చూపు ఆగింది: 30 రోజులుండీ 'అన్మ్' గుర్తే. ప్రూఫు దిద్దే చెయ్యి ఊరుకుంటుందా! కానీ అది చెక్కినవాడి తప్పు కాదు. కొన్ని సంవత్సరాల్లో ఆ నెలకు రోజులు తగ్గేవని పండితుల లెక్క.

ఇక అసలు సంగతి. ఐదేళ్లకు అరవై నెలలు కదా, పలక మీద అరవై రెండున్నాయి. ముప్పై నెలలకొకటి చొప్పున అధికమాసం. మన వేదాంగ జ్యోతిషంలో కూడా యుగమంటే ఐదేళ్లే, అరవై రెండు చాంద్రమాసాలే. మా వ్యాపారంలో అధికమాసమంటే లగ్గాలు బంద్, మిషన్ బంద్. 2023లో అధిక శ్రావణం మా నడుం విరిచింది. అందుకే ఆ అరవై రెండు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఇది ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టానో లేదో, మా బావ "డ్రూయిడ్లంటే మన బ్రాహ్మణులే, ఇక్కడి నుంచి పోయినవాళ్లే" అని తేల్చేశాడు. డ్రూయిడ్లంటే కెల్టుల పూజారులు, పండితులు. నేనొప్పుకోను. చంద్రుడి పన్నెండు నెలలకు 354 రోజులు, సూర్యుడికి 365 చిల్లర. రెంటినీ కలిపి నడపాలనుకున్న ప్రతివాడూ ఎక్కడో ఒక నెల ఇరికించాల్సిందే. బాబిలోన్ వాళ్లు ఇరికించారు, చైనా వాళ్లు ఇరికించారు, యూదులు ఇప్పటికీ ఇరికిస్తున్నారు. హిజ్రీలో అది వద్దనుకున్నారు కాబట్టే రంజాన్ ఓసారి ఎండల్లో, ఓసారి చలిలో వస్తుంది. వాళ్ల భాషకూ మన సంస్కృతానికీ చుట్టరికం ఉంది, కాదనను. కానీ దాయాదులైనంత మాత్రాన మనింటి నుంచి పోయినట్టు కాదు.

నాకు అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి. డ్రూయిడ్లు తమ విద్యను రాయకూడదన్నారు. కొందరు ఇరవై ఏళ్లు పద్యాలు కంఠతా పట్టేవాళ్లని సీజరే అన్నాడు. మన వేదపాఠం కూడా అంతే కదా, కాకపోతే మన దగ్గర గురువు తర్వాత శిష్యుడు తెగలేదు. అక్కడ తెగింది. రోమన్ చక్రవర్తులు డ్రూయిడ్లను అణిచేశారు, క్రీ.శ. 60 ప్రాంతంలో బ్రిటన్‌లోని ఆంగ్లెసీ దీవిలో వాళ్ల తోపులు నరికించారు. గాల్ భాష కూడా మెల్లగా పోయింది. ఫ్రాన్స్‌లో ఇప్పుడున్న బ్రెటన్ అనే కెల్టు భాష సముద్రం దాటి బ్రిటన్ నుంచి వచ్చింది.

అయినా ఆ పలక చెక్కిననాటికి రోమ్ పాలన వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది, ఊరంతా జూలియన్ క్యాలెండరే. పన్ను రోమ్ తేదీకి కట్టి, పండుగ తమ లెక్కకు చేసుకుని ఉంటారని నా ఊహ. మా వీధిలో నా కార్డు మీద తిథి వార నక్షత్రాలు, కాతిబ్ సాబ్ కార్డు మీద హిజ్రీ తేదీ. దుకాణం కిరాయి మాత్రం ఇద్దరం ఒకటో తారీఖుకే కడతాం.