మా చోళ్ల పిండి, మేడం గారి రెండు ప్రశ్నలు

మొదటిసారి చేసిన ముప్పై నాలుగు ప్యాకెట్లలో పదకొండు వెనక్కి వచ్చాయి. వాటిలో ఒకదాన్ని మా ఊరి బడి టీచరు గారే స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఏమీ అనుకోకండమ్మా, ఒకసారి వాసన చూడండి" అన్నారు. ముక్కిన వాసన. పిండి ఉండలు కట్టింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మాది విజయనగరం జిల్లా. రాగులను మేము చోళ్లు అంటాం. మా పొదుపు సంఘంలో పది మందిమి, నేను రెండో లీడరును. లీడరుకు జీతం ఉండదు. సమావేశం పెట్టడం, తీర్మానం రాయడం, కిస్తీలు వసూలు చేసి బ్యాంకుకు వెళ్లడం, అంతా ఇంటి పనీ పొలం పనీ అయ్యాక చేసేదే. మా అత్తగారూ ఇలాగే చేశారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, రోజుకో రూపాయి పొదుపు అనే మాట ఊరూరా పాకిన కాలం ఆవిడది. ఆవిడకు చదువు రాదు. ఎవరు ఎంత కట్టారో వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి గుర్తు పెట్టుకునేవారు.

మొలకెత్తిన చోళ్లతో మాల్ట్ పిండి చేసి అమ్ముదామన్నది మా అందరి ఆలోచన. చిన్నప్పటి నుంచి అంబలి కాచిన చేతులు కదా, ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏముంటుందని అనుకున్నాం. ప్యాకెట్లు వెనక్కి వచ్చాక మండల సమాఖ్యలో విషయం చెబితే, రైతులకు శిక్షణ ఇచ్చే జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో గృహ విజ్ఞాన శాస్త్రవేత్త ఉంటారు, ఆవిడను కలవమన్నారు. గృహ విజ్ఞానం అంటే కుట్లు, అల్లికలు, జామ్ చేయడం అనుకునేదాన్ని. అది ఎంత తప్పో మూడు రోజుల శిక్షణలో తెలిసింది.

మేడం గారు మమ్మల్ని తప్పు పట్టలేదు. మేము చేసిన పద్ధతి మొత్తం చెప్పమన్నారు. రాత్రి నానబెట్టాం, గుడ్డలో మూట కట్టాం, మొలక వచ్చాక మేడ మీద ఎండబెట్టాం, వేయించి మర పట్టించాం అని చెప్పాను. "ఆరిందని మీకెలా తెలిసింది?" అని అడిగారు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది కదా అన్నాను. అప్పుడు ఆవిడ మూత బిగుతుగా ఉన్న గాజు సీసా తెచ్చారు. మేము ఎండబెట్టి తీసుకెళ్లిన చోళ్లు మూడో వంతు దాకా పోసి, బాగా ఆరిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత పెట్టి ఒక నిమిషం ఊపారు. పావుగంట అలాగే ఉంచి సీసాను వెలుతురుకు ఎత్తి చూపించారు. గాజు లోపలి గోడకు ఉప్పు తెల్లగా అంటుకుని ఉంది. గింజలో తేమ ఇంకా ఎక్కువగా ఉందని దాని అర్థం. చేతికి గలగలమన్న గింజ అది! కార్తీక మాసం మంచులో రాత్రంతా మేడ మీద వదిలేసిన మా పొరపాటు ఆ సీసాలో కనిపించింది.

అక్కడి నుంచి పద్ధతి మారింది. పొద్దు వాలకముందే గింజ కిందికి దిగాలి. నేల మీద కాదు, మంచాల మీద శుభ్రమైన గుడ్డ పరిచి పలచగా ఆరబోయాలి. ఆరాక చేతులతో నలిపి, చెరిగి, మొలక తోకలు తీసేయాలి. ఉప్పు అంటుకోని దాకా మరకు పంపకూడదు. ఆ పరీక్ష గట్టెక్కిన గింజను కూడా సన్న సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే మర పట్టించాలి. వేడి పిండిని ప్యాకెట్లో పోస్తే లోపల చెమ్మ పట్టి మళ్లీ మొదటికొస్తుంది.

రెండో ప్రశ్న మూడో రోజున వచ్చింది. ఖర్చుల లెక్క రాయమన్నారు. పది కిలోల చోళ్లు 450 రూపాయలు, మర 50, గ్యాస్ 80, కవర్లు, లేబుళ్లు 170. మొత్తం 750. పావు కిలో ప్యాకెట్లు 34, ఒక్కోటి 40 చొప్పున 1,360. అన్నీ అమ్ముడైతే 610 రూపాయల లాభమని సంతోషంగా చూపించాను. మేడం గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "మీ కూలీ ఏది?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు ఆడవాళ్లు రెండేసి రోజులు చేశారు. బయట పనికి వెళ్తే వచ్చే రోజు కూలీ 300 లెక్కన 1,200 రూపాయలు. అంటే మాకు 590 నష్టం. పదకొండు ప్యాకెట్లు పోకపోయినా నష్టమే. సంఘం కోసం ఉచితంగా తిరగడం నా ఇష్టంతో చేస్తున్నాను, దానికి ఎవరి దగ్గరా లెక్క అడగను. కానీ సరుకు చేసి అమ్మేటప్పుడు ఆడవాళ్ల కష్టాన్ని ఖర్చుల్లో రాయకపోతే అది సేవ కాదు, అన్యాయం. ఇంట్లో ఎలాగూ రాయం, కనీసం సంఘం పుస్తకంలోనైనా రాయాలని ఆ రోజే అనుకున్నాం.

ఇప్పుడు ముప్పై కిలోలు ఒకేసారి చేస్తున్నాం. సరుకు ఖర్చు 2,250, ఆరు రోజుల కూలీ 1,800. ప్యాకెట్ 50 రూపాయలు చేశాం. 102 ప్యాకెట్లకు 5,100 వస్తే, కూలీ పోను 1,050 సంఘానికి మిగులుతోంది.

ఆ తర్వాత ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్. మేము చేయించినప్పుడు, ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉండే మాలాంటి వాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు అన్నది నియమం. అప్పట్లో ప్రభుత్వ రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇంటర్నెట్ సెంటర్‌లో అడిగితే 2,000 అన్నారు. మా మరదలి కూతురు ఇంటర్ చదువుతోంది, ఆ అమ్మాయే ఫోనులో ఫొటో, ఆధార్, చిరునామా కాగితం ఎక్కించి మూడేళ్లకు 300 కట్టింది. దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది, మొదటి లీడరు ఆధార్‌లో పుట్టింటి ఊరు ఉండటమే కారణం. తయారీ జరిగే ఇంటి కరెంటు బిల్లు, ఇంటి యజమాని ఒప్పుకోలు కాగితం, సంఘం తీర్మానం జత చేసి మళ్లీ పంపాం. పద్నాలుగు అంకెల నంబరు వచ్చింది.

లేబుల్ దగ్గర మా వాళ్లతో చిన్న వాదన జరిగింది. 'షుగర్ తగ్గిస్తుంది' అని పెద్ద అక్షరాలతో వేద్దామని ఒక వదిన పట్టుబట్టింది. పిండిని మందులా చెప్పుకోకూడదని, జబ్బు నయమవుతుందని రాస్తే చట్టం ఒప్పుకోదని మేడం గారు ఫోనులో ఓపిగ్గా చెప్పారు. చోళ్లలో కాల్షియం మెండుగా ఉంటుంది, 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. ఆ నిజం చాలదా? చివరికి పదార్థాలు, నికర బరువు, తయారీ తేదీ, ఎంతకాలం బాగుంటుంది, బ్యాచ్ నంబరు, ధర, చిరునామా, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క వేయించాం. బ్యాచ్ నంబరు నేనే రాస్తాను. ఈసారి ఏ ప్యాకెట్ వెనక్కి వచ్చినా, అది ఏ రోజు మేడ ఎక్కిన గింజో పుస్తకం చూస్తే తెలియాలి.

కేంద్రం 2020లో తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో, ఇలాంటి పని చేసే సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూల నిధి పెట్టారు. అది సమాఖ్య ద్వారా మాకు అప్పుగా వస్తుంది, తిరిగి కట్టాలి. దరఖాస్తు ఇచ్చాం, ఇంకా రాలేదు. వస్తే ముందు కొనేది సోలార్ డ్రయ్యరే. మంచుకాలంలో మేడ మీద ఆధారపడటం కష్టం.

మొన్న టీచరు గారికి కొత్త ప్యాకెట్ ఇచ్చి డబ్బు వద్దన్నాను. ఆయన 50 రూపాయలు నా చేతిలో పెట్టి, "మీ లెక్క చెడిపోతుందమ్మా" అన్నారు. ఇంటికి వచ్చి జమలో రాశాను. రేపటి కోసం ముప్పై కిలోలు నానుతున్నాయి, పొద్దున్నే మూటలు కట్టాలి.