30 మిల్లీవోల్టులు వెనక్కి

శాంటా క్లారాలో నేను చేసే పనిని టైమింగ్ అంటారు. చిప్పు ఫ్యాబ్‌కి, అంటే దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీకి, వెళ్లకముందే అది అనుకున్న వేగంతో నడుస్తుందా లేదా అని లెక్క కట్టాలి. మైనస్ 40 డిగ్రీల చలిలో, 125 డిగ్రీల వేడిలో, మందకొడి ట్రాన్సిస్టర్లు వచ్చినా నడవాలి. అందుకని వోల్టేజీ కాస్త ఎక్కువే ఇస్తాం. పదిమంది వస్తారంటే పదిహేనుమందికి వండినట్టు. హెచ్-1బి వీసా మీదున్న నాకు ఇలా ముందుజాగ్రత్తగా ఉంచుకునే మార్జిన్ అంటే మరీ ఇష్టం. ఉద్యోగం పోతే ఉన్న గడువు 60 రోజులే మరి.

కానీ మిగిలిపోయే అన్నానికీ ఖర్చుంది. అదే వేగంలో 1 వోల్టు బదులు 0.9 ఇస్తే ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవడానికి ఖర్చయ్యే స్విచింగ్ పవర్ 19 శాతం తగ్గుతుంది. మిషిగన్ యూనివర్సిటీవాళ్లు 2003లో రేజర్ అని ఒక పద్ధతి చూపించారు. ఫ్లిప్‌ఫ్లాప్ అంటే ఒక్క బిట్‌ని పట్టి ఉంచే సర్క్యూట్. కీలకమైన ఫ్లిప్‌ఫ్లాప్ పక్కనే, అదే బిట్‌ని కాస్త ఆలస్యంగా చూసే లాచ్ అనే ఇంకో సర్క్యూట్ పెడతారు. రెండూ తేడాగా ఉంటే తప్పు జరిగినట్టు. చిప్పు తప్పు దిద్దుకుంటూ, తప్పుల్ని బట్టి వోల్టేజీ పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. తప్పు చేస్తే బెత్తం దెబ్బలు తిన్న బడిలో చదివినవాణ్ని, ఆ ఆలోచన భలే నచ్చింది.

మేం అంత ధైర్యం చెయ్యలేదు. చిప్పు నాలుగు మూలలా రింగ్ ఆసిలేటర్లు, అంటే ట్రాన్సిస్టర్ల వేగాన్ని బట్టి కొట్టుకునే చిన్న సర్క్యూట్లు పెట్టి, చిప్పు నడుస్తుండగానే వేగం కొలిచి, వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్‌కి చెప్పేలా చేశాం. ల్యాబ్‌లో వోల్టేజీ మెట్టుమెట్టుగా దిగుతుంటే కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా గమనించలేదు. తర్వాత చిప్పులో లెక్కలు చేసే కోర్లన్నిటినీ ఒకేసారి నిద్రలేపే టెస్టు పెట్టాం. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఇంకోసారి పెట్టినా అంతే.

రాత్రి 9కి కాల్. హైదరాబాద్‌లో పొద్దున్న 9:30.

"అన్నా, టైమింగ్ రిపోర్టు క్లీన్‌గానే ఉందిగా?" అన్నాడు అక్కడి కుర్రాడు.

ఉంది. వోల్టేజీ ఎలా మారుతోందో గీసి చూపించే స్కోపు పెట్టి చూస్తేగానీ తెలియలేదు. కోర్లు లేవగానే వోల్టేజీ కొన్ని నానోసెకన్లలో కిందికి జారిపోతోంది. మా రెగ్యులేటర్ కదలడానికి మైక్రోసెకన్లు పడుతుంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయాక మంట తగ్గించడమే అది.

కోర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచేలా ఫర్మ్‌వేర్ రాసింది ఆ కుర్రాడే. వోల్టేజీ పడగానే క్లాక్‌ని, అంటే చిప్పుని నడిపించే తాళాన్ని, సాగదీసి నెమ్మదించే సర్క్యూట్ తర్వాతి చిప్పులో పెడదామన్నాం. ఈలోగా, దించిన 70 మిల్లీవోల్టుల్లో 30 మళ్లీ పెంచాను.

"ఎంత మిగిలింది?" అని మేనేజర్ మెయిల్.

40 అని రాసి ఇంటికెళ్లాను.